జెనీవా తూకము – బోధను చెఱకు

నిజామాబాదునుండి బోధనునకు పోవు బాటపై ఎడపల్లి యున్నది. జానకంపేట కడ చీలి బోధనునకు పోవు రైలుమార్గమును ఆ యూరిమీదుగనే సాగును. ఒక తరము వెనుక కోతకాలమంతయు ఈ బాటవెంట చెఱకుబండ్లు బారులుతీఱి శక్కర్‌నగరపు పొగగొట్టములవైపు కదలుచుండెడివి. నేడు ఆ పొలములలో పెక్కింట వరి నిలిచియున్నది. చెఱకు తూచిన కాటాలు మూగవోయినవి.

ఈ మౌనమునకును, జెనీవా నగరమున 2021 డిసెంబరు 14వ తేదీన వెలువడిన యొక తీర్పునకును సంబంధమేమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఆ తీర్పు చెఱకునుగూర్చినదే. బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా దేశములు ప్రపంచ వాణిజ్య సంస్థయెదుట మనపై తెచ్చిన వ్యాజ్యెమున భారతదేశ మోడిపోయినది. మన ప్రభుత్వము చెఱకునకు నిర్ణయించు ధరయు, చక్కెర యెగుమతికిచ్చిన ధనసాయమును దేశములు తమలో తాము చేసికొన్న వ్యాపార ధర్మమునకు విరుద్ధములని నిర్ణేతలు తేల్చిరి. ఈ సంగతి విన్నవారిలో కొందఱు "మన మిల్లును మూయించినది జెనీవాయే" యందురు. మఱికొందఱు "జెనీవా మాట జెనీవాలోనే యుండును, మనకేమి?" యందురు. ఈ రెండును పొరపాట్లే. పరులు చేసిన అన్యాయమేదో, మనము చేసికొన్న యపకారమేదో విడదీసి చూడనిచో రెంటిలో దేనికిని మందు దొరకదు. అందులకే ఈ విషయమును కొంత విపులముగ విచారింపదలచితిమి.

మొదట మన చెఱకు కథను జ్ఞప్తికి దెచ్చుకొందము. మంజీర యేటికి అడ్డముగ నిజాంసాగరపు కట్ట 1923లో ఆరంభమై 1931లో ముగిసినది. నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు ఆ నిర్మాణమును నడపిన ఇంజనీరు. కాలువ నీరు పొలములకు ఎక్కిన పిదప చెఱకు వచ్చెను; చెఱకువెంట 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. అది ఆసియాఖండమున మిక్కిలి పెద్ద చక్కెర మిల్లులలో నొకటియని పేరొందినది. దానిచుట్టు లేచిన పేటకు శక్కర్‌నగరమని పేరు వచ్చినది.

ఆనాటికే చక్కెర వ్యాపారమును శాసించు చట్టములు కలవు. జావా ద్వీపమునుండి దిగుమతియగు చవుక చక్కెరను అరికట్టుటకు బ్రిటిషిండియాలో 1932న చక్కెర పరిశ్రమ సంరక్షణ చట్టము వచ్చెను. ఆ రక్షణ నీడలో, అంతకుముందు సుమారు ముప్పదిగ నుండిన మిల్లులు కొలది యేండ్లలోనే నూటముప్పదికి చేరువయ్యెను. సుంకమనునది ఒక పరిశ్రమను ఎట్లు నిలబెట్టగలదో మన పెద్దలు కన్నులార చూచిరి.

కాని మఱుసటి మెట్టుననే ఎదురుదెబ్బ తగిలినది. బోధను మిల్లు పుట్టిన యా 1937వ సంవత్సరముననే లండనులో అంతర్జాతీయ చక్కెర ఒడంబడిక జరిగెను. దాని ప్రకారము భారతదేశము ఐదేండ్లపాటు బర్మాకు దప్ప మఱే దేశమునకును సముద్రమార్గమున చక్కెర నెగుమతి చేయగూడదు. పరదేశపు చక్కెరను ఆపుకొని సొంతముగ నిలబడి, మిగులు సరకును అమ్ముకొను దశకు మన పరిశ్రమ రాగానే ద్వారము మూయబడినది. ఆ పత్రముపై మన పేర సంతకము చేసినది మనము ఎన్నుకొన్న ప్రభుత్వము కాదు. పరాధీనుని వర్తకమునకు పరులే హద్దులు గీయుదురనుటకు ఇంతకంటె నిదర్శనము వేఱొకటి యక్కఱలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన యేటనే కొత్త యధ్యాయము మొదలైనది. 1947 అక్టోబరు 30వ తేదీన జెనీవాలో 23 రాజ్యములు సుంకములనుగూర్చియు వ్యాపారమునుగూర్చియు ఒక సామాన్య ఒడంబడిక చేసికొన్నవి. గాట్ అను పేర ప్రసిద్ధమైన ఆ ఒడంబడికకు భారతదేశము మొదటి సభ్యులలో నొకటి. 1948లో హవానా నగరమున అంతర్జాతీయ వ్యాపార సంస్థ నొకదానిని నెలకొల్పుటకు శాసనపత్రము సిద్ధమైనను, అమెరికా శాసనసభ దానిని అంగీకరింపనందున ఆ సంస్థ పుట్టకయే పోయినది. గాట్ మాత్రము దాదాపు ఏబది యేండ్లు నడచినది. 1994 ఏప్రిలు 15వ తేదీన మొరాకో దేశమున మర్రకేషు నగరములో కొత్త ఒడంబడికలపై సంతకములు జరిగి, 1995 జనవరి 1వ తేదీన ప్రపంచ వాణిజ్య సంస్థ యవతరించినది. 1937 నాటి పత్రమువలె గాక, ఈ పత్రముపై మన ప్రభుత్వమే తెలిసి సంతకము చేసినది. ఈ భేదమును మఱువరాదు. పరులు కట్టిన సంకెలను తెంచుకొనుట ఒకటి. మనము వ్రాసియిచ్చిన కాగితమును తిరిగి వ్రాయించుకొనుట వేఱొకటి.

ఈ ధర్మశాస్త్రపు మూలసూత్రములు మూడు. ఒక దేశమునకు చూపిన వెసులుబాటును తక్కిన సభ్యదేశములన్నింటికిని చూపవలెను. ఒడంబడికలు చేసికొన్న కూటములకును, వెనుకబడిన దేశములకును కొన్ని మినహాయింపులున్నవి. ఏ సరకుపై ఎంతవఱకు సుంకము వేయుదునని మాట యిచ్చినదో అంతకు మీఱరాదు. తగవు వచ్చినపుడు బలిమిచే గాక నిర్ణేతలయెదుట తేల్చుకొనవలెను. గాట్ కాలమున వ్యవసాయము ఈ కట్టుబాట్లకు చాలవఱకు వెలుపల నుండెను. మర్రకేషులో వ్యవసాయపు ఒడంబడిక చేసి దానిని లోనికి దెచ్చిరి. మన చెఱకు చిక్కుకొన్నది ఆ వలలోనే.

ఇక వ్యాజ్యెపు సారము. 2019 ఫిబ్రవరి, మార్చి మాసములలో పైని చెప్పిన మూడు దేశములు ఫిర్యాదు చేసినవి. భారత ప్రభుత్వము ఏటేట చెఱకునకు న్యాయమైన లాభసాటి ధర యను పేర ఒక కనీసపు ధరను నిర్ణయించును. కొన్ని రాష్ట్రములు దానిపై తమ సలహా ధరను ప్రకటించును. ఇది రైతునకిచ్చు ఆశ్రయమనియు, ఉత్పత్తి విలువలో పదింట నొకవంతును మించినదనియు వారి వాదము. దీనికి మనవారు చెప్పిన సమాధానము సహేతుకముగనే తోచును. ఆ ధరను చెల్లించునది మిల్లుగాని ప్రభుత్వము గాదు. ఖజానానుండి ఒక్క పైసయు పోదు. అట్టి దానిని ప్రభుత్వ సాయమనుట యెట్లు? నిర్ణేతలు దీని నంగీకరింపలేదు. ప్రభుత్వము తాను కొనకపోయినను, చట్టబలముచే ధరను నిలుపుట ఆశ్రయమేయని వారు చెప్పిరి. 2014–15 మొదలు 2018–19 వఱకు ఐదు చెఱకు కాలములలోను భారతదేశము హద్దు మీఱినదని తేల్చిరి. అంతియ గాక, 1995–96 తరువాత చెఱకునకిచ్చు ఆశ్రయపు లెక్కలను సంస్థకు తెలుపలేదని మందలించిరి. ఈ కడపటి మాటకు మనయొద్ద సమాధానము లేదు.

ఆశ్రయమును లెక్కించు పద్ధతిని పాఠకులు ముఖ్యముగ గ్రహింపవలెను. నేటి నిర్ణీత ధరను నేటి ప్రపంచ ధరతో పోల్చరు. 1986 మొదలు 1988 వఱకు నుండిన విదేశపు ధరతో పోల్చుదురు. ఆ వ్యత్యాసమును పంట మొత్తముతో హెచ్చించుదురు. లెక్క సుబోధమగుటకై కల్పిత సంఖ్యలను దీసికొందము. నాటి ధర నూఱు రూపాయలనియు, నేటి నిర్ణీత ధర ఐదువందలనియు అనుకొందము. నేటి బజారు ధరయు ఐదువందలే యైనచో రైతునకు ఒక దమ్మిడీయైనను అదనముగ ముట్టలేదు. అయినను చట్టపు కన్నులకు అతనికి నాలుగువందల సాయము చేసినట్లే. పదింట నొకవంతు లెక్కను పరిమితి ఏబది. తేలిన మొత్తము నాలుగువందలు. అప్పటి కూలి యెంత, ఇప్పటి కూలి యెంత? అప్పటి యెరువు, నూనె, బాడుగ యెంత, ఇప్పటి వెంత? వీనిని ఆ తూకము చూడదు. రూపాయి విలువ తఱుగుటయే రైతునకు చేసిన యుపకారముగ లెక్కకెక్కుచున్నది. అధికమైన ధరల పెరుగుదలను సమీక్షలో తగినట్లు పరిగణింపవలెనని అదే ఒడంబడికలో 18వ అధికరణమున నొక వాక్యమున్నది. కాని ఆ వాక్యము మనకింతవఱకు కాపు కాయలేదు.

మన చెఱకు ధర వాస్తవముగ పెరిగిన తీరును చూడుడు. 2014–15లో క్వింటాలునకు 220 రూపాయలు. 2018–19లో 275 రూపాయలు. ఇందులోను కొంత కంటితుడుపే, ఏలయనగా ఆ కడపటి యేట ధరకు ఆధారమైన చక్కెర పట్టును తొమ్మిదిన్నరనుండి పది శాతమునకు పెంచిరి. చెఱకు నాటి, రెండుమూడు మాఱులు కలుపు తీయించి, ఏడాది పొడవున నీరు పెట్టిన రైతు దీనిని దానమనుకొనడు.

ఇంతకంటెను గొప్ప యన్యాయ మింకొకటి కలదు. మర్రకేషు పత్రమునకు ముందు తమ వ్యవసాయమునకు విశేషముగ ధనము కుమ్మరించిన దేశములకు ఆ ధనములో కొంత తగ్గించి, తక్కినదానిని ఇచ్చుటకు శాశ్వతపు హక్కు వ్రాసియిచ్చిరి. ఆ లెక్కను అమెరికాకు ఏటికి 1,910 కోట్ల డాలర్ల పరిమితి దక్కినది. ఆనాడు అట్టి సాయము చేయలేని భారతదేశమునకు అట్టి హక్కు లేదు. పదింట నొకవంతే గతి. పూర్వము తప్పు చేసినవానికి అనుమతిపత్రమును, చేయనివానికి నిషేధమును దొరకినవి. ఇది సమానుల నడుమ ధర్మమని మేము చెప్పజాలము.

అయినను న్యాయము మాటలాడువారము గనుక ఎదుటి పక్షపు మాటనుగూడ వినవలెను. తీర్పులో రెండవ భాగము ఎగుమతి సాయమునుగూర్చినది. దేశమున చక్కెర పేరుకొనిపోయి, మిల్లులు రైతులకు బాకీలు పడినపుడు, మన ప్రభుత్వము ధనమిచ్చి సరకును విదేశములకు తోలించెను. 2019–20లో 60 లక్షల టన్నుల యెగుమతికి టన్నునకు 10,448 రూపాయల చొప్పున సాయము ప్రకటించిరి. ఇంత సరకు సర్కారు సొమ్ముతో ప్రపంచపు బజారున దిగినపుడు అచ్చటి ధర పడును. ఆ ధరతో బ్రదుకు గ్వాటెమాలా రైతును ఎడపల్లి రైతువంటి వాడే. పైగా 2015 డిసెంబరులో నైరోబీలో జరిగిన మంత్రుల సభలో ఎగుమతి సాయములను క్రమముగ మానుటకు మనమును ఒప్పుకొంటిమి. జావా చక్కెర చవుకగ వచ్చి మనలను ముంచినపుడు మన పెద్దలు చేసిన మొఱయే నేడు వారు చేయుచున్నారు. ఈ భాగమున మన వాదము బలహీనమని యొప్పుకొనుటలో అగౌరవ మేమియు లేదు.

ఆ సాయము అత్యవసరమను మాటయు నిలువలేదు. 2021–22లో సాయము లేకయే మన దేశము సుమారు 110 లక్షల టన్నుల చక్కెర నెగుమతి చేసినది. ప్రపంచపు ధర అనుకూలమైనందున అది సాధ్యమయ్యెను. అంతలో 2022 జూనునుండి ప్రభుత్వమే ఎగుమతికి హద్దులు పెట్టినది. ధర పడినపుడు మిల్లునకు బహుమానము; ధర లేచినపుడు ఎగుమతికి అడ్డు. ఈ రెంటి నడుమ రైతునకు స్థిరమైన మేలు ఏది?

తీర్పు వచ్చిన పది దినములకే మన ప్రభుత్వము అప్పీలు చేసినది. కాని ఆ అప్పీలును వినుటకు న్యాయమూర్తులు లేరు. అప్పీలు మండలిలో ఏడు స్థానములు. ఒక వ్యాజ్యెమును వినుటకు మువ్వురు కావలెను. కొత్తవారి నియామకమును అమెరికా అడ్డగించుచు వచ్చినందున 2019 డిసెంబరుతో ఆ మువ్వురును కఱవైరి. 2020 నవంబరు ముగియునప్పటికి మండలి శూన్యమైనది. కావున మన అప్పీలు తలుపులు మూసిన కచ్చేరి గడపపై వ్రేలాడుచు నిలిచినది. తీర్పు ఖాయము కాలేదు గనుక మనలను ఎవరును నిర్బంధింపలేదు. కొందఱు దీనిని యుక్తియని కొనియాడుదురు.

మా కట్లు తోచదు. కచ్చేరి మూతపడియున్నందున తప్పించుకొన్న వాది తన వ్యాజ్యెము గెలిచినవాడు కాడు. అంతేకాదు, తలుపులు మూసిన కచ్చేరి మనకును పనికిరాదు. అమెరికా తన పత్తి రైతులకిచ్చు ధనసాయముపై బ్రెజిల్ దేశము వ్యాజ్యెమాడి 2005లో అప్పీలునందును గెలిచినది. ఆ తీర్పు బలముతోనే 2010లో అమెరికా తన ఖజానానుండి బ్రెజిల్ పత్తి పరిశ్రమకు ఏటేట ధనమిచ్చుటకు ఒప్పుకొనవలసి వచ్చినది. ఐరోపా రాజ్యముల చక్కెర సాయముపై బ్రెజిల్, ఆస్ట్రేలియా, థాయిలాండు వేసిన దావా అదే 2005లో నెగ్గగా, ఐరోపావారు తమ చక్కెర విధానమునే మార్చుకొనిరి. బలవంతుని మెడ వంచుటకు బలహీనునకు దొరకిన సాధనము ఈ ధర్మమొక్కటియే. అది లేనినాడు ఏమగునో 2025 ఆగస్టులో చూచితిమి. అమెరికా మన సరకులలో పెక్కింటిపై 50 శాతము సుంకము వేసినపుడు మాట యిచ్చిన హద్దులన్నియు నీటిపై వ్రాతలైనవి. ధర్మము అన్యాయమైనచో దానిని సవరింపవలెను. శిథిలమైపోవుటను చూచి సంతోషింపరాదు.

ఇది చెఱకు వేయువారి విషయమేగదా యని వరి పండించు పాఠకులు నిశ్చింతగ నుండరాదు. వరికి ప్రకటించు కనీస మద్దతు ధరయు ఆ 1986–88 త్రాసులోనే తూగుచున్నది. 2018–19లో వరికిచ్చిన ఆశ్రయము పదింట నొకవంతును మించినదని మన ప్రభుత్వమే 2020లో సంస్థకు తెలిపి, 2013లో బాలి ద్వీపమున జరిగిన సభలో దొరకిన శాంతి నియమము చాటున నిలిచినది. ప్రజల ఆహారమునకై ధాన్యము నిలువచేయు దేశములపై, కొన్ని షరతులకు లోబడి, వ్యాజ్యెము వేయరాదనునదే ఆ నియమము. అది శాశ్వతపు పరిష్కారము వచ్చువఱకు వేసిన తాత్కాలికపు పందిరి. చెఱకు ఆహారధాన్యము కాదు గనుక దానికి ఆ పందిరి నీడయు లేదు. చెఱకు వదలి వరికి మఱలిన నిజామాబాదు రైతు ఒక త్రాసునుండి దిగి అదే కొట్టులోని వేఱొక త్రాసుపై నెక్కినాడు.

ఇంతవఱకు జెనీవా సంగతి. ఇపుడు మన గడపలోనికి వత్తము. మన మిల్లును మూసినది జెనీవా యగునా? తేదీలను వరుసగ పెట్టి చూచినచో చిన్నపిల్లవాడైనను చెప్పగలడు. 2002లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిజాం చక్కెర కర్మాగారములో నూటికి 51 వంతులను ప్రైవేటు కంపెనీకి ఒప్పగించెను. 2015 డిసెంబరులో, తెలంగాణ రాష్ట్ర మేర్పడిన యేడాదిన్నరకు, బోధను మిల్లుతోబాటు మెట్‌పల్లి, ముంబోజిపల్లి మిల్లులును మూతపడినవి. 2019లో కంపెనీల న్యాయస్థానము దివాలా పరిష్కారము కుదరక ఆస్తుల విక్రయమునకు ఉత్తరువు చేసినది. జెనీవా తీర్పు వచ్చినది 2021లో. నిజామాబాదు పట్టణ సమీపమున సారంగపూరులో రైతులు వాటాలు వేసి నడపిన సహకార మిల్లును అంతకు చాల ముందే ఆగిపోయినది. వ్యవసాయపు ఒడంబడికలో ఏ యధికరణమును ఏ మిల్లునుగాని మూయుమనలేదు. ఇది మన పాలకుల చేతులమీదుగ జరిగినది. ఏ పక్షము గద్దెపై నున్నను జరిగినది. ఓటర్లమైన మనము ఎన్నికకొక వాగ్దానమును విని ఊరకుంటిమి.

మిల్లు లేనిచోట ధర యేమి చేయును? 2025–26 చెఱకు కాలమునకు కేంద్రము ప్రకటించిన ధర క్వింటాలునకు 355 రూపాయలు. అది ఎడపల్లికిని వర్తించును, పూనాకును వర్తించును. 1966 నాటి చెఱకు నియంత్రణ ఉత్తరువు ప్రకారము సరకు ముట్టిన 14 దినములలో మిల్లు సొమ్ము చెల్లింపవలెను. తప్పినచో 15 శాతము వడ్డీ నీయవలెను. కాగితముపై ఇంత రక్ష యున్నది. కాని చెఱకు కోసిన గంటనుండియే దానిలోని తీపి తఱుగుట కారంభించును. ఒక దినము దాటిన కొలది తూకమును పట్టును పడిపోవును. కావున చెఱకునకు మిల్లు కూతవేటు దూరమున నుండవలెను. దగ్గఱి మిల్లు మూతపడి దూరపు మిల్లునకు తోలుకొనవలసిన రైతునకు బాడుగ రూపమునను, ఎండిన గడల రూపమునను ధర కోత పడును. జెనీవాలో మన దేశము నిర్ణీత ధర యిచ్చినందులకు దోషియైనది; బోధనులో ఆ ధరను పుచ్చుకొను త్రోవయే రైతునకు లేకపోయినది. చేయని యుపకారమునకు నింద మోయు దుర్గతి ఇదియే.

అయినచో కర్తవ్యమేమి? చట్టము మూసిన తలుపులను చూచి దుఃఖించువారు అది తెఱచియుంచిన తలుపులను చూచుట లేదు. వ్యవసాయపు ఒడంబడికలో రెండవ యనుబంధము ప్రకారము పరిశోధనకు, తెగుళ్ల నివారణకు, రైతుశిక్షణకు, రోడ్లకు, నీటివసతికి ప్రభుత్వము ఎంత వ్యయపెట్టినను పరిమితి లేదు. ఆఱవ యధికరణము ప్రకారము మనవంటి దేశములు వ్యవసాయమున సామాన్యముగ అందఱికి దొరకు పెట్టుబడి సాయమును, బీదరైతులకు విత్తనము ఎరువులవంటి వానికై యిచ్చు సాయమును ఆ పదింట నొకవంతులో చేర్చనక్కఱలేదు. కాలువల పూడిక తీయుటకు, మంచి పట్టునిచ్చు చెఱకు వంగడములను పెంచుటకు, ఎడపల్లి, బోధను, రెంజలు బాటలను బాగుచేయుటకు జెనీవాను అడుగనక్కఱలేదు. మిల్లును తిరిగి నడుపుట కదియు అడ్డము రాదు. నేటి మిల్లు చక్కెర యొక్కటియే గాక పెట్రోలులో కలుపు ఇథనాలును, పిప్పినుండి విద్యుత్తును తీయగలదు. మిగులు చక్కెరను ధనమిచ్చి సముద్రము దాటించు నక్కఱయు దానివలన తగ్గును.

2024 జనవరిలో రాష్ట్రప్రభుత్వము మూతపడిన మిల్లుల పునరుద్ధరణకు త్రోవ చూపుటకు ఒక సంఘమును నియమించినది. సంఘములు వేయుట మన ప్రభుత్వములకు కొత్త గాదు. మేము కోరునది తేదీ. ఏ యేట కాటా తెఱచుదురో, ఎన్ని టన్నుల గానుగ పెట్టుదురో, పదునాలుగు దినముల చెల్లింపునకు ఎవరు పూచీయో ప్రభుత్వము బహిరంగముగ చెప్పవలెను. అది తెలియనిదే ఏ రైతును వరి మడిని చెడగొట్టి చెఱకు ముచ్చెలు నాటడు. నాటుమని మేమును సలహా యీయము.

భూస్వాములైన పాఠకులకును ఒక మాట. మిల్లు తెఱచునని చెఱకును, చెఱకు వేయుదురని మిల్లును ఒండొరులకై కాచుకొనియున్నచో ఇరువదియేండ్లైనను కాటా కదలదు. ఊరూర ఎన్ని యెకరములు చెఱకు వేయగలరో, ఏ షరతులపై వేయుదురో వ్రాసి సంతకములతో ప్రభుత్వమునకు పంపుట మీ చేతిలోని పని. కౌలుదార్లను, చిన్నరైతులనుగూడ ఆ పట్టికలో చేర్పవలెను. సారంగపూరు మిల్లు ఆగిపోయిన తీరునుండి సహకారమునకు లెక్కల శుచి యెంత ముఖ్యమో నేర్చుకొని, ఈమాఱు లెక్కలను ఏటేట ఊరిముందు చదివించుకొనవలెను.

ఢిల్లీ ప్రభుత్వము చేయవలసినదియు స్పష్టము. వ్రేలాడు అప్పీలును విజయముగ చాటుట మాని, ఎగుమతి సాయమునందు మన లోపమును సరిదిద్దుకొని, ఆ నైతికబలముతో 1986–88 త్రాసును మార్పింపుమని పట్టుబట్టవలెను. ఆ త్రాసు క్రింద నలుగుచున్నది మన మొక్కరము కాము. ఆసియా ఆఫ్రికా ఖండములలో ధాన్యము కొని నిలువచేయు దేశములనేకము మనతో కలిసి వచ్చును. ఏటేట చెఱకు లెక్కలను దాచక పంపవలెను. లెక్క దాచువాడు త్రాసు తప్పని వాదించినచో ఎవరు నమ్ముదురు?

ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దల మాట. 1937లో మన వర్తకమునకు హద్దు గీసినవారు పరులు. నేడు హద్దు గీసిన పత్రముపై మన సంతకమున్నది, మిల్లు తాళపుచెవియు మన చేతనే యున్నది. జెనీవా త్రాసును సరిచేయుటకు నూటికి పైబడిన దేశముల సమ్మతి కావలెను. బోధను కాటాను తెఱచుటకు హైదరాబాదు సమ్మతి చాలును.